బతకలేక బడిపంతులు సరే, బడిలో బతకలేని పిల్లల సంగతేంటి?



సంక్షేమ హాస్టళ్ళ మీద రాసిన గత భాగాల తర్వాత నాకు రెండు రకాల ప్రశ్నలు వచ్చాయి. విద్యార్థి సంఘాల్లో పనిచేసే తమ్ముళ్ళు, చెల్లెళ్ళు అడిగింది ఒకటి. "ఫలానా టీచరు మీద విచారణ జరిగిందని తెలుసు. ఏం తేలిందో, ఏం శిక్ష వేశారో అడిగితే అది వ్యక్తిగత సమాచారం అంటున్నారు. అడిగే హక్కు మాకు లేదా?" ఉపాధ్యాయ సంఘాల మిత్రులు అడిగింది ఇంకొకటి. "చాలీచాలని జీతంతో బతికేవాళ్ళ ఫైళ్ళు కూడా బజారున పెడతారా? రేపు మీ మీదే ఎవడో తప్పుడు కంప్లయింట్ పెడితే?"

రెండు ప్రశ్నలూ న్యాయమైనవే. పైగా రెండూ మన ఇళ్ళలోంచే వస్తున్నాయి. సర్కారు బడిలో, హాస్టల్లో కూర్చునేది మన పిల్లలు. అదే బడిలో కాంట్రాక్టు మీద, గెస్టుగా, పార్ట్ టైముగా నల్లబల్ల ముందు నిలబడేది కూడా చాలాచోట్ల మనవాళ్ళే. అందుకే దీన్ని పిల్లలకీ పంతుళ్ళకీ మధ్య తగాదాగా చూడటం నాకిష్టం లేదు.

నా మాట ముందే చెబుతాను. పిల్లల మీద జరిగిన తప్పు, విచారణలో రుజువైన తప్పు రహస్యంగా ఉండకూడదు. రుజువు కాని ఆరోపణ, మామూలు మెమో, జబ్బు, అప్పు, సెలవు, ఇంటి గొడవ బయటికి రాకూడదు. ఈ రెంటి మధ్య గీత గీయకుండా మొత్తం బీరువాకే తాళం వేస్తే లాభపడేది తక్కువ జీతం పంతులు కాదు. తాళంచెవి చేతిలో ఉన్న అధికారి.

చట్టం ఇప్పుడు ఎక్కడుంది?

సమాచార హక్కు చట్టం 2005 అక్టోబర్ 12 నుంచి అమల్లోకి వచ్చింది. అందులో సెక్షన్ 8(1)(జె) అని ఒక మినహాయింపు ఉంది. ప్రజా వ్యవహారంతో సంబంధం లేని వ్యక్తిగత సమాచారం ఇవ్వక్కర్లేదని, అయితే విస్తృత ప్రజా ప్రయోజనం ఉంటే ఇవ్వాలని దాని సారం. పార్లమెంటుకో శాసనసభకో ఇవ్వనని చెప్పలేని సమాచారాన్ని మామూలు మనిషికీ ఇవ్వనని చెప్పకూడదు అని కూడా అక్కడ ఒక మాట ఉండేది.

2012 అక్టోబర్‌లో గిరీష్ రామచంద్ర దేశ్‌పాండే కేసు వచ్చింది. ప్రావిడెంట్ ఫండ్ శాఖలో ఒక అధికారికి ఇచ్చిన మెమోలు, షోకాజ్ నోటీసులు, వేసిన శిక్షల కాపీలు కావాలని ఒకాయన అడిగాడు. సుప్రీంకోర్టు ఇవ్వక్కర్లేదంది. ఉద్యోగి పనితీరు అనేది ప్రధానంగా ఉద్యోగికీ యజమానికీ మధ్య విషయం, దాన్ని సర్వీసు నిబంధనలు చూసుకుంటాయి, కాబట్టి అది వ్యక్తిగత సమాచారం అంది. ప్రజా ప్రయోజనం ఉందని చూపించగలిగితే తప్ప ఇవ్వక్కర్లేదంది. అప్పటి నుంచి ఏ ఆఫీసులో అడిగినా ఈ తీర్పు నంబరే మన మొహాన కొడుతున్నారు. 2019 నవంబర్‌లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం కూడా క్రమశిక్షణ చర్యలను వ్యక్తిగత సమాచారం కిందే చేర్చింది. కాకపోతే ప్రజా ప్రయోజనాన్ని కేసు కేసుకీ తూచి చూడాలని చెప్పింది.

ఆ తర్వాత అసలు దెబ్బ పడింది. 2023లో చేసిన డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం, సెక్షన్ 44(3) ద్వారా సమాచార హక్కు చట్టంలోకి చేయి పెట్టింది. 8(1)(జె)లో ఉన్న షరతులన్నీ కొట్టేసి, వ్యక్తిగత సమాచారమైతే చాలు, ఇవ్వక్కర్లేదు అన్నట్టు కుదించింది. శాసనసభకి ఇచ్చేది మనకీ ఇవ్వాలన్న మాట కూడా పోయింది. 2025 నవంబర్ నుంచి ఇది అమల్లో ఉంది. మనకి మిగిలింది సెక్షన్ 8(2) ఒక్కటే. సమాచారం బయటపెట్టడంలో ఉన్న ప్రజా ప్రయోజనం, దాని వల్ల జరిగే హాని కంటే ఎక్కువైతే ఇవ్వొచ్చు అని అది చెబుతుంది.

ఇప్పుడు ఒక ప్రశ్న. ఉద్యోగికీ యజమానికీ మధ్య విషయం అన్నారు కదా, సర్కారు బడికి యజమాని ఎవరు? డీఈవో గారా? విద్యాశాఖ కార్యదర్శి గారా? ఆ బడి ఎవరి పన్నులతో నడుస్తుందో, ఎవరి పిల్లల కోసం నడుస్తుందో వాళ్ళకి ఆ సంబంధంలో చోటు లేదా?

ఇంకా లోతుకి వెళ్దాం. 2009 విద్యా హక్కు చట్టం సెక్షన్ 17 చూడండి. పిల్లల్ని కొట్టకూడదు, మానసికంగా వేధించకూడదు అంటుంది. ఉల్లంఘిస్తే ఏం చేయాలి? సర్వీసు నిబంధనల ప్రకారం క్రమశిక్షణ చర్య తీసుకోవాలని అదే సెక్షన్ చెబుతుంది. అంటే బిడ్డ ఒంటి మీద దెబ్బకి ఆ చట్టం చూపించిన మందు క్రమశిక్షణ చర్య. ఆ క్రమశిక్షణ చర్యేమో ఉద్యోగి వ్యక్తిగత విషయం. హక్కు బిడ్డది, అమలు ఫైల్లో, ఫైలు బీరువాలో. తన హక్కు అమలైందో లేదో ఆ బిడ్డ తల్లికి తెలిసే దారి లేదు.

చిత్రం ఏంటంటే, అదే సమాచార హక్కు చట్టం సెక్షన్ 4 ప్రకారం ప్రతి ఉద్యోగి నెల జీతం ఎవరూ అడగకుండానే ప్రకటించాలి. పంతులు జీతం ఎంతో ఊరందరికీ తెలియొచ్చు. పంతులు పిల్లల్ని ఏం చేశాడో మాత్రం తెలియకూడదు. తక్కువ జీతం గురించి బాధపడే మిత్రులు ఈ సంగతి ఒకసారి ఆలోచించాలి.

ఎన్నికల్లో నిలబడేవాళ్ళు తమ మీదున్న క్రిమినల్ కేసులు అఫిడవిట్‌లో రాయాలని 2002లో సుప్రీంకోర్టు చెప్పింది. ఐదేళ్ళకోసారి ఓటేసే మనిషికి ఆ సమాచారం అవసరమని ఒప్పుకున్నప్పుడు, రోజుకి ఏడెనిమిది గంటలు బిడ్డని అప్పగించే తల్లికి అవసరం లేదా?

ఎవరి ప్రైవసీ?

2017 ఆగస్టు 24న తొమ్మిదిమంది జడ్జీల బెంచి ప్రైవసీ ప్రాథమిక హక్కు అని తీర్పు చెప్పింది. నేను ఆ తీర్పుని సంతోషంగా తీసుకున్నవాణ్ణి. మన ఇళ్ళలోకి ఎప్పుడు పడితే అప్పుడు చొరబడి, ఏం తింటున్నారు, ఎవర్ని పెళ్ళి చేసుకుంటున్నారు అని తవ్వే సమాజంలో ప్రైవసీ అవసరం అందరికంటే ముందు మనకే.

అయితే ఇన్నాళ్ళూ అది ఎవరికి దక్కిందో చూడండి. కాలేజీ నోటీసు బోర్డు మీద పేరు పక్కనే ఎస్సీ, ఎస్టీ అని రాసి అంటించిన స్కాలర్‌షిప్పుల జాబితా మీలో ఎంతమంది చూడలేదు? ర్యాంకు పక్కన కేటగిరీ, కేటగిరీ పక్కన మార్కులు. క్లాసులో ఎవరు ఏ కులమో మొదటి వారంలోనే అందరికీ తెలిసిపోవడానికి ఆ ఒక్క కాయితం చాలు. ఉపాధి హామీ పనుల మస్టర్లు గ్రామసభలో పైకి చదివారు. ఎవరు ఎన్ని రోజులు మట్టి మోశారు, ఎంత కూలి తీసుకున్నారు అన్నది గోడ మీద రాశారు. అది మంచిదే, దొంగ మస్టర్లు బయటపడ్డాయి. కానీ కూలి మనిషి లెక్క గోడ మీదకి ఎక్కించిన రాజ్యానికి, మేస్టారి మీద రుజువైన తప్పు దగ్గరకి రాగానే ప్రైవసీ గుర్తొస్తే ఎట్లా?

విద్యార్థుల మీద తీసుకునే చర్యలైతే చెప్పనే అక్కర్లేదు. సస్పెన్షన్ సర్క్యులర్ గంటలో అన్ని డిపార్ట్‌మెంట్లకీ పోతుంది. 2016 జనవరిలో హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ఐదుగురు దళిత పరిశోధక విద్యార్థులు హాస్టల్ నుంచి బయటికొచ్చి వెలివాడ వేసుకున్నారు. హాస్టల్లోకి, ఉమ్మడి స్థలాల్లోకి రాకూడదన్న ఆ శిక్ష అందరి కళ్ళ ముందే అమలైంది. వాళ్ళలో ఒకడైన రోహిత్ వేముల జనవరి 17న మనకి లేకుండా పోయాడు. మన పిల్లల మీద వేసిన శిక్ష ఎవరి వ్యక్తిగత సమాచారమూ కాలేదు.

మన ప్రైవసీ చింపేశారు కాబట్టి వాళ్ళదీ చింపుదాం అని నేననడం లేదు. రెండు తూకపురాళ్ళు వద్దంటున్నాను.

బదిలీ అనే శిక్ష

ఈ రహస్యం ఎట్లా పనిచేస్తుందో మీకు తెలియనిది కాదు. పిల్ల ఇంటికొచ్చి చెబుతుంది. తల్లి హెడ్మాస్టర్ దగ్గరికి పోతుంది. ముందు పెద్దమనుషులు దిగుతారు. సారుకి పిల్లలున్నారు, ఉద్యోగం పోతుంది, మీ పిల్లకే చెడ్డపేరు అంటారు. అప్పటికీ తగ్గకపోతే మెమో, గట్టిగా నిలబడితే సస్పెన్షన్. పత్రికలో మూడు లైన్ల వార్త. ఆ తర్వాత విచారణ ఎక్కడో నాలుగ్గోడల మధ్య నడుస్తుంది. ఏడాదికో రెండేళ్ళకో ఒక ఇంక్రిమెంటు ఆపి, మళ్ళీ పోస్టింగ్ ఇస్తారు. కొత్త ఊళ్ళో ఎవరికీ ఏమీ తెలియదు.

ఆ కొత్త ఊరు ఏదో గమనించారా? మన ఆఫీసుల్లో ఒక మాట ఉంది. "తప్పు చేస్తే ఏజెన్సీకి పంపిస్తాం." ఈ మాట ఎంత మామూలుగా వాడతారంటే దాని అర్థం కూడా ఎవరూ ఆలోచించరు. శిక్ష మేస్టారికి సరే, అక్కడ చదివే కోయ, కొండరెడ్డి, గోండు పిల్లలు ఏ తప్పు చేశారు? రోడ్డు సరిగా లేని చోట, అర్జీ రాయించుకోవడానికే మనిషి దొరకని చోట, తప్పు రుజువైన మనిషిని దించి, ఆ సంగతి అక్కడి తల్లిదండ్రులకి చెప్పకపోతే అది శిక్ష ఎట్లా అవుతుంది? అది ఆ మనిషికి అవకాశం, ఆ పిల్లలకి శిక్ష.

సర్వీసు నిబంధనలు ఇందుకు బాగా సాయపడతాయి. 1991 నాటి సివిల్ సర్వీసెస్ సీసీఏ రూల్సులో చిన్న శిక్షలు, పెద్ద శిక్షలు అని రెండున్నాయి. అభిశంసన, ఇంక్రిమెంటు నిలుపుదల, పదోన్నతి నిలుపుదల వంటివి చిన్నవి. హోదా తగ్గింపు, నిర్బంధ పదవీ విరమణ, తొలగింపు, డిస్మిసల్ పెద్దవి. రిజిస్టర్లు సరిగా రాయకపోయినా ఇంక్రిమెంటు ఆపొచ్చు, పిల్లని కులం పేరుతో తిట్టినా ఇంక్రిమెంటు ఆపి ఊరుకోవచ్చు. బయటి మనిషికి ఫైలు కనపడదు కాబట్టి ఏ తప్పుకి ఏ శిక్ష వేశారని నిలదీసేవాడు ఉండడు.

ఇక్కడ దాక్కునేది ఒక్క టీచరే కాదని గుర్తుపెట్టుకోండి. పోక్సో చట్టం సెక్షన్ 21(2) ప్రకారం, తన కింద పనిచేసేవాళ్ళు పిల్లల మీద లైంగిక నేరం చేశారని తెలిసీ ఫిర్యాదు చేయని సంస్థ అధిపతికి ఏడాది దాకా జైలు పడొచ్చు. ఫైలు మూసుకున్నన్నాళ్ళూ ఎవరికి ఎప్పుడు తెలిసింది, ఎవరు తొక్కిపెట్టారు అన్నది కూడా మూసుకునే ఉంటుంది. ప్రైవసీ పేరుతో ఎక్కువగా కాపాడబడుతున్నది ఆ పై కుర్చీలే.

మరి తక్కువ జీతం?

"బతకలేక బడిపంతులు" అన్న సామెత ఊరికే పుట్టలేదు. 1882లో హంటర్ కమిషన్‌కి ఇచ్చిన విజ్ఞాపనలో మహాత్మా ఫూలే రెండు మాటలూ కలిపే చెప్పాడు. ప్రాథమిక పాఠశాలల్లో దాదాపు అందరూ బ్రాహ్మణ ఉపాధ్యాయులే ఉండటం వల్ల శూద్రాతిశూద్ర పిల్లలకి జరుగుతున్న అన్యాయం చెప్పాడు. శిక్షణ పొందిన ఉపాధ్యాయులకి మెరుగైన జీతం ఇవ్వాలనీ అడిగాడు. ఆయనకి అవి రెండు వేర్వేరు ఉద్యమాలు కాలేదు.

మన కాలానికి వస్తే, కరోనాలో బడులు మూసినప్పుడు ప్రైవేటు టీచర్లు కూలి పనులకి పోయారు, కూరగాయలు అమ్మారు. 2021 ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వం వాళ్ళకి నెలకి 2,000 రూపాయలు, 25 కిలోల బియ్యం ఇస్తామని ప్రకటించాల్సి వచ్చింది. చదువు చెప్పే మనిషి రేషన్ లైన్లో నిలబడ్డ రోజులవి. గెస్ట్ ఫ్యాకల్టీకి లెక్చరుకి 1,500, నెలకి 50,000 దాటకుండా ఇవ్వొచ్చని 2019లో యూజీసీ చెప్పింది. ఆ అంకె మన డిగ్రీ కాలేజీల గెస్టు లెక్చరర్లకి చూపిస్తే నవ్వుతారు. డాక్టరేట్ పట్టా చేతిలో పెట్టుకుని పీరియడ్‌కి ఇంత అని లెక్కకట్టించుకుని, వేసవి రెండు నెలలూ జీతం లేకుండా గడిపినవాళ్ళలో నేనూ ఒకణ్ణి.

కాబట్టి ఈ బాధ నాకు కొత్త కాదు. కానీ జీతం తక్కువని పిల్లల్ని కొట్టే హక్కు రాదు. అంతకంటే తక్కువ కూలికి పనిచేసే మా అమ్మలాంటి వాళ్ళెవరికీ సమాజం ఆ మినహాయింపు ఇవ్వలేదు.

అయినా తక్కువ జీతం వాదనలో ఒక గట్టి నిజం ఉంది. దాన్ని పట్టించుకోకుండా ఫైళ్ళు తెరవమంటే మనవాళ్ళకే దెబ్బ. అదేంటంటే, జీతం తక్కువ ఉన్నవాడికి విచారణ కూడా ఉండదు. పర్మినెంట్ ఉద్యోగికి రాజ్యాంగంలో 311వ అధికరణ ఉంది. చార్జి మెమో ఇవ్వాలి, జవాబు తీసుకోవాలి, విచారణ అధికారిని వేయాలి, సాక్షుల్ని ప్రశ్నించనివ్వాలి, అప్పీలు ఉండాలి. కాంట్రాక్టు మనిషికి ఇవన్నీ దొరకవు. గెస్టుకైతే ఒక ఫోన్ కాల్ చాలు. "రేపట్నుంచి రావద్దండీ." ఎందుకో కాయితం మీద ఉండదు.

ఇట్లాంటి చోట రేపు ఒక బహిరంగ జాబితా పెట్టారనుకోండి. లాయర్‌ని పెట్టుకోగలిగిన సీనియర్ పేరు స్టే మీద ఆగిపోతుంది. గెస్టు లెక్చరర్ పేరు మొదటి కంప్లయింట్‌కే ఎక్కుతుంది. సామాజిక తనిఖీల అనుభవం మనకి ఉంది కదా. ముందు వేటు పడేది ఫీల్డ్ అసిస్టెంట్ మీద, బిల్లు పాస్ చేసిన ఆఫీసరు వరుసలో చివర.

దీనికి మందు ఫైళ్ళు మూయడం కాదు. ఎవరి పేరు బయటపెట్టాలన్నా ముందు పర్మినెంట్ ఉద్యోగికి జరిగేలాంటి పూర్తి విచారణ జరగాలని షరతు పెట్టడం. అప్పుడు గెస్టు లెక్చరర్‌కి కూడా చార్జి మెమో, జవాబు చెప్పుకునే అవకాశం, అప్పీలు ఇవ్వక తప్పదు. ఉపాధ్యాయ సంఘాలు ఈ కోణంలో ఆలోచిస్తే, పారదర్శకత డిమాండే కాంట్రాక్టు ఉద్యోగుల సర్వీసు భద్రత డిమాండ్ అవుతుంది.

ప్రైవేటు, కార్పొరేట్ కాలేజీల సంగతి ఇంకా ఘోరం. అవి సమాచార హక్కు చట్టానికి మేం బయట అంటాయి. ఒక కాలేజీలో పిల్లల్ని వేధించి తీసివేయబడ్డ మనిషి జూన్‌లో ఎదురు వీధి కాలేజీలో చేరతాడు. పాత కాలేజీ తన పేరు పోతుందని నోరు మూసుకుంటుంది. ఫీజు రీయింబర్స్‌మెంట్ మీద చదివే మన పిల్లలు అక్కడా ఉన్నారు. అయితే ఒక దారి ఉంది. వేరే ఏ చట్టం కిందనైనా ప్రభుత్వ అధికారి ప్రైవేటు సంస్థ నుంచి తెప్పించుకోగలిగిన సమాచారం కూడా సమాచారమే అని సమాచార హక్కు చట్టం సెక్షన్ 2(ఎఫ్) చెబుతుంది. గుర్తింపు ఇచ్చిన అధికారిని అడగండి.

దళిత ఉపాధ్యాయుడి భయం

ఇప్పుడు అన్నిటికంటే కష్టమైన ప్రశ్న. మన టీచర్ల మీద కావాలని పెట్టే కేసుల మాటేంటి? అంబేద్కర్ జయంతి చేశాడని, మధ్యాహ్న భోజనం వండే మనిషి కులం మీద గొడవైతే ఆమె పక్కన నిలబడ్డాడని, క్లాసులో కులం గురించి పాఠం చెప్పాడని మెమో అందుకునే ప్రమాదం ఎవరికి ఎక్కువో మనకి తెలుసు. అట్లాంటి మెమోలు బయటపెడితే ఊరు ఆ మనిషిని బతకనిస్తుందా?

బతకనివ్వదు. అందుకే ఆరోపణలు, మెమోలు బయటికి రాకూడదని మొదట్లోనే అన్నాను. కానీ రహస్యం మనవాళ్ళని ఎప్పుడైనా కాపాడిందా? కాన్ఫిడెన్షియల్ రిపోర్టుల చరిత్ర చూడండి. ఏం రాశారో ఉద్యోగికే చెప్పకుండా, సగటు అనో, పర్వాలేదు అనో ఒక్క ముక్క రాసి ప్రమోషన్ల దగ్గర ఎందరి కాళ్ళు విరగ్గొట్టారు? ప్రతి రిపోర్టూ ఉద్యోగికి తెలియజేయాల్సిందేనని దేవ్ దత్ కేసులో సుప్రీంకోర్టు చెప్పేదాకా, అంటే 2008 దాకా ఆగాల్సి వచ్చింది. మూసిన ఫైలు మన ఉద్యోగులకి ఏనాడూ గొడుగు కాలేదు. ఎక్కువసార్లు అది కత్తి అయింది.

మనవాళ్ళని నిజంగా కాపాడేది లెక్కలు. ఒక జిల్లాలో ఏడాదికి ఎన్ని చార్జి మెమోలు ఇచ్చారు? అవి ఏ సామాజిక వర్గాల ఉద్యోగులకి ఎన్ని? ఎన్ని రుజువయ్యాయి? ఒకే అభియోగానికి ఎవరికి అభిశంసన, ఎవరికి తొలగింపు? దీనికి ఒక్క పేరు కూడా అక్కర్లేదు. ఎవరి ప్రైవసీకీ భంగం లేదు. మరి ఈ పట్టిక ఏ శాఖా ఎందుకు తనంతట తాను ప్రకటించదు?

తలుపు మూస్తే కిటికీలోంచి

2017 అక్టోబర్‌లో రాయా సర్కార్ అనే దళిత న్యాయ విద్యార్థిని, యూనివర్సిటీల్లో లైంగిక వేధింపులకి పాల్పడ్డారంటూ అధ్యాపకుల పేర్ల జాబితా ఒకటి పెట్టింది. దేశమంతా గగ్గోలు. విచారణ లేకుండా పేర్లు పెడతారా అని పేరున్న స్త్రీవాదులు కూడా అభ్యంతరం చెప్పారు. వాళ్ళ అభ్యంతరంలో న్యాయం లేకపోలేదు. కానీ లోపలి కమిటీల్లో ఏం తేలిందో ఎవరికీ తెలియకపోతే, ఆడపిల్లలు ఒకరినొకరు హెచ్చరించుకోవడానికి ఇంకేం మిగులుతుంది? నమ్మదగిన రికార్డు ఉంటే గుసగుసల జాబితాకి పని ఉండదు. వాట్సాప్ ఫార్వర్డ్ కంటే విచారణ చేసి రాసిన ఉత్తర్వు నిందపడ్డ మనిషికి కూడా మేలే.

2013 నాటి పని ప్రదేశంలో లైంగిక వేధింపుల చట్టం చూడండి. సెక్షన్ 16 విచారణ వివరాలు ప్రచురించకూడదంటుంది. కానీ బాధితురాలి, సాక్షుల గుర్తింపు తెలియకుండా, జరిగిన న్యాయం గురించి సమాచారం ఇవ్వొచ్చని కూడా అంటుంది. మన కాలేజీలు మొదటి సగమే చదువుకున్నాయి. ఇంగ్లాండులో తీవ్రమైన దుష్ప్రవర్తన కేసుల్లో ప్యానెల్ విచారణ జరిపి, ఉపాధ్యాయుణ్ణి బోధన నుంచి నిషేధిస్తే ఆ నిర్ణయాన్ని కారణాలతో సహా ప్రచురిస్తారు. ఆకాశం ఏమీ విరిగి పడలేదు.

ఒక చిక్కు మాత్రం నిజంగా ఉంది. ముప్పైమంది పిల్లలున్న ఊరి బడిలో టీచరు పేరు, సంవత్సరం చెబితే చాలు, ఆ పిల్ల ఎవరో ఊరికి తెలిసిపోతుంది. పేరు కొట్టేసినంత మాత్రాన సరిపోదు. అందుకే అన్నీ వెబ్‌సైట్లో పెట్టేయమని నేను అనను. ఎవరికి ఎంత తెలియాలో తేల్చుకోవాలి.

మనం ఏం అడగాలి?

ఒకటి. పిల్లల మీద హింస, లైంగిక వేధింపు, కుల అవమానం రుజువై, అప్పీలు కూడా ముగిసిన కేసుల్లో తుది ఉత్తర్వు బయటికి ఇవ్వాలి. బాధితుల్ని గుర్తుపట్టించే ఊరు, తేదీ, వివరాలు తీసేసి ఇవ్వాలి. అభియోగాలు, మెమోలు, కొట్టేసిన కేసులు, ఆరోగ్యం, కుటుంబ విషయాలు ఇవ్వకూడదు.

రెండు. ఫిర్యాదు చేసిన బిడ్డకీ, తల్లిదండ్రులకీ విచారణ ఫలితం రాతపూర్వకంగా ఇవ్వాలి. సమాచార హక్కు చట్టం సెక్షన్ 4 ఇప్పటికే, తీసుకున్న నిర్ణయాలకి కారణాలు వాటివల్ల ప్రభావితమైనవాళ్ళకి చెప్పాలంటోంది. దెబ్బ తిన్న బిడ్డ కంటే ప్రభావితమైనవాళ్ళు ఎవరు?

మూడు. అట్లాంటి తప్పు రుజువైన మనిషికి కొత్త బడిలో పోస్టింగ్ ఇస్తే అక్కడి స్కూల్ మేనేజ్‌మెంట్ కమిటీకి ముందే తెలియజేయాలి. విద్యా హక్కు చట్టం సెక్షన్ 21 ప్రకారం ఆ కమిటీలో మూడొంతులు తల్లిదండ్రులే, సగం మంది స్త్రీలు. గురుకులాలు, హాస్టళ్ళు, జూనియర్ కాలేజీల్లో కూడా అట్లాంటి తల్లిదండ్రుల కమిటీలు కావాలి. శిక్షగా ఏజెన్సీకి పంపడం పూర్తిగా ఆపాలి.

నాలుగు. విచారణ లేకుండా ఏ కాంట్రాక్టు, గెస్టు, ప్రైవేటు టీచర్నీ తీసేయకూడదు, ఎవరి పేరూ బయటపెట్టకూడదు. జీతాల పోరాటం, ఈ పోరాటం ఒకే బ్యానర్ మీద ఉండాలి.

ఐదు. సామాజిక వర్గాల వారీ చార్జి మెమోల, శిక్షల పట్టిక, ఫిర్యాదు అందాక తొక్కిపెట్టిన అధికారుల మీద తీసుకున్న చర్యల పట్టిక ప్రతి ఏటా ప్రకటించాలి.

ఇవి వచ్చేదాకా చేతులు ముడుచుకోనక్కర్లేదు. ఈ వారమే ఒక పని చేయండి. మీ జిల్లా విద్యాశాఖకో, మీ యూనివర్సిటీకో ఒక దరఖాస్తు పెట్టండి. ఒక్క పేరు కూడా అడగకండి. గత ఐదేళ్ళలో విద్యార్థుల ఫిర్యాదు మీద మొదలైన విచారణలు ఎన్ని, ముగిసినవి ఎన్ని, రుజువైనవి ఎన్ని, ఏ శిక్షలు వేశారు, విచారణకి ఎన్ని నెలలు పట్టింది, ఆ తర్వాత ఎందరిని బదిలీ చేశారు, ఇవి మాత్రం అడగండి. అంకెలు ఎవరి వ్యక్తిగత సమాచారమూ కాదు. మండల స్థాయిలో ఫీజు 5 రూపాయలు, ఆ పైన 10. గ్రామ స్థాయిలో ఫీజు లేదు, దారిద్ర్యరేఖకి దిగువ ఉన్నవాళ్ళకి ఎక్కడా లేదు. 30 రోజుల్లో జవాబు రావాలి. రాకపోతే మొదటి అప్పీలు, తర్వాత కమిషన్. ఫైల్లో కొంత భాగం ఇవ్వలేమంటే, ఆ భాగం తీసేసి మిగతాది ఇవ్వమని సెక్షన్ 10 చెబుతోందని గుర్తుచేయండి. 8(2) కింద ప్రజా ప్రయోజనం ఏమిటో రెండు వాక్యాలు దరఖాస్తులోనే రాయండి.

వచ్చిన జవాబులు దాచండి. ఇవ్వమన్న జవాబులు ఇంకా జాగ్రత్తగా దాచండి. పది జిల్లాల నుంచి ఆ కాయితాలు ఒక్కచోట చేరితే, కమిషన్ ముందైనా కోర్టు ముందైనా మనం ఖాళీ చేతులతో నిలబడం. వచ్చే భాగంలో దరఖాస్తు నమూనా పెడతాను.

జై భీమ్. జై ఫూలే. జై సావిత్రిబాయి.